క్లిప్పుల చికిత్సలో పంటి వేరు కరగడం: వంశం వాటా ఎంత?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. వంకర పళ్ల చికిత్స గురించి ఇటీవల మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం ఉపయోగకరంగానే ఉంది గానీ, అందులోని ఒక మాటకు సవరణ అవసరమని భావించి ఈ ఉత్తరం రాస్తున్నాను. క్లిప్పులు పెట్టించుకున్నవారిలో కొందరికి పంటి వేర్లు కరిగి పొట్టివవుతాయనీ, తీగను అతిగా బిగించడమే దానికి కారణమనీ ఆ వ్యాసం తేల్చి చెప్పింది. దీనికి పూర్తిగా ఎదురు వాదన కూడా ఈ మధ్య తరచుగా వినబడుతోంది. ఇదంతా జన్యువులను బట్టి జరిగేదనీ, డాక్టరు చేయగలిగింది ఏమీ లేదనీ, చికిత్సకు ముందే ఉమ్మి నమూనా పంపి జన్యు పరీక్ష చేయిస్తే తేలిపోతుందనీ కొందరు తల్లిదండ్రులు ఇంటర్నెట్‌లో చదివి వచ్చి అడుగుతున్నారు. పళ్ల వరుస సరిచేసే వైద్యంలో చాలాకాలంగా ఉన్నవాడిగా నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వేరు కరగడంలో వంశం వాటా నిజమే, అది చిన్నదీ కాదు. అయితే ఆ సంగతి డాక్టరు అడగవలసిన ప్రశ్నలనూ, ఎక్స్‌రే తీయవలసిన సమయాన్నీ మార్చాలి తప్ప, డాక్టరుకు సాకుగానో మార్కెట్లో సరుకుగానో మారకూడదు.

పాల పళ్లు ఊడినప్పుడు వాటికి వేరే లేనట్టు కనిపించడం అందరూ చూసిందే. ఆ వేరు మొదటి నుంచీ లేక కాదు. లోపలి నుంచి శాశ్వత దంతం వస్తున్నకొద్దీ శరీరంలోని ప్రత్యేక కణాలు దాన్ని కొద్దికొద్దిగా తినేస్తాయి. క్లిప్పుల చికిత్సలో శాశ్వత దంతాల వేర్లను తినేవీ ఆ కోవకు చెందిన కణాలే. పన్ను దవడ ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య మిల్లీమీటరులో నాలుగో వంతు మందాన ఒక నారపొర ఉంటుంది. తీగ ఒత్తిడి ఆ పొర మీద పడినప్పుడు ఒత్తుకున్న వైపు ఎముక కరిగి, ఎదుటి వైపు కొత్త ఎముక పేరుకుని పన్ను జరుగుతుంది. అంటే ఎముక కరగడం ఈ వైద్యంలో దుష్ఫలితం కాదు, అసలు పని జరిగేదే దానితో. చిక్కంతా ఎముకతో పాటు వేరు కూడా కరగడంలో ఉంది. ఒత్తిడి హద్దు మీరితే ఆ నారపొరలో రక్తప్రసరణ ఆగి కొంత భాగం చచ్చుబడుతుంది. దాన్ని ఎత్తిపోయడానికి వచ్చిన కణాలు పక్కనే ఉన్న వేరు పైపొరను, అంటే సిమెంటమ్‌ను, ఒక్కొక్కసారి దాని కిందనున్న పంటి అసలు పదార్థమైన డెంటిన్‌ను కూడా తొలిచేస్తాయి. ఒత్తిడి తీసేశాక వేరు పక్కల పడిన చిన్న గుంటలు కొత్త సిమెంటమ్‌తో పూడుకుంటాయి. వేరు కొస దగ్గర పోయిన పొడవు మాత్రం తిరిగి రాదు.

ఇందులో నొప్పి ఉండదు, వాపు ఉండదు, పన్ను రంగు మారదు. ఎక్స్‌రే తీస్తే తప్ప రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తే చికిత్సలో జరిపిన పళ్లలో 90 శాతానికి మించి ఏదో ఒక మేరకు ఈ తొలిచిన గుర్తులు కనిపిస్తాయి. ఎక్స్‌రేలో పట్టుబడేది సుమారు సగం నుంచి మూడింట రెండు వంతుల పళ్లలో. అదీ చాలావరకు రెండున్నర మిల్లీమీటర్ల లోపే. నాలుగు మిల్లీమీటర్లకు మించి గానీ, వేరులో మూడో వంతుకు మించి గానీ పోవడాన్నే మేము తీవ్రమైనదిగా లెక్కిస్తాము. అది 1 నుంచి 5 శాతం పళ్లలో జరుగుతుంది. పై దవడ ముందరి నాలుగు పళ్లు, వాటిలోనూ నడిమి రెండింటికి అటూ ఇటూ ఉండేవి, అన్నిటికంటే ముందు దెబ్బతింటాయి. ఆ పళ్ల వేరు మొత్తం పొడవే 13 మిల్లీమీటర్ల చిల్లర అని గుర్తుంచుకుంటే నాలుగు మిల్లీమీటర్లు ఎంతటి నష్టమో అర్థమవుతుంది.

ఈ సంగతి కొత్తది కాదు. క్లిప్పుల చికిత్సకూ వేరు కరగడానికీ సంబంధం ఉందని 1914లోనే అమెరికా దంతవైద్యుడు ఒటొలెంగీ రాశారు. అమెరికాలోని డెన్వర్‌కు చెందిన ఆల్బర్ట్ కెచమ్ 1927లో చికిత్సకు ముందూ తర్వాతా తీసిన ఎక్స్‌రేలను పక్కపక్కన పెట్టి చూపించేసరికి ఆ వృత్తిలోని వారంతా ఉలిక్కిపడ్డారు. ఒకే తీగ, ఒకే డాక్టరు, ఒకే రకం వంకర. ఒకరికి వేరు చెక్కుచెదరదు, మరొకరికి సగానికి సగం పోతుంది. బిగింపు ఒక్కటే కారణమైతే ఈ తేడా రాకూడదు. ఆ రోజుల్లో ఆహారలోపమనీ, గ్రంథుల లోపమనీ ఊహించారు. కుటుంబాల్లో ఇది పారంపర్యంగా నడుస్తోందేమోనని పరిశీలించే ప్రయత్నం 1975లో న్యూమన్ చేశారు గానీ, అంకెలతో గట్టిగా నిలబడిన పని 1997లో వచ్చింది.

ఆ ఏడాది హారిస్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 103 జతల తోబుట్టువుల ఎక్స్‌రేలను పోల్చి చూశారు. అందరూ క్లిప్పుల చికిత్స చేయించుకున్నవారే. పై దవడ నడిమి పన్ను వేరు, కింది దవడ మొదటి పెద్ద దవడపన్నుకున్న రెండు వేర్లు, ఈ మూడింటిలో కనిపించిన తేడాల్లో సగటున 70 శాతం వరకు వంశపారంపర్యం ఖాతాలో వేయవచ్చని వారు తేల్చారు. తర్వాత కవలల మీద జరిగిన పరిశీలనలో, ఒకే పిండం నుంచి విడిపోయిన కవలలు మిగతా కవలలకంటే ఈ విషయంలో ఎక్కువగా కలుస్తారని తేలింది. అలాగని ఆ కవలలందరికీ ఒకే తీరుగా వేర్లు కరగలేదు. జన్యువులన్నీ ఒకటే అయినా ఒకరికి కరిగి, ఇంకొకరికి కరగకపోవడం కూడా జరిగింది.

70 శాతం అన్న అంకెను చాలామంది తప్పుగా చదువుకుంటారు. మీ అమ్మాయికి మూడు మిల్లీమీటర్ల వేరు పోతే అందులో రెండు మిల్లీమీటర్లు జన్యువుల వల్ల, ఒకటి డాక్టరు వల్ల అని దాని అర్థం కాదు. ఒక గుంపులోని మనుషుల మధ్య ఉన్న తేడాలో ఎంత భాగం వారి వంశాల తేడాతో ముడిపడి ఉందన్నదే ఆ లెక్క చెబుతుంది. అందరికీ ఇంచుమించు ఒకే రకం చికిత్స జరిగినచోట చికిత్స వల్ల వచ్చే తేడా తగ్గుతుంది, కాబట్టి వంశం వాటా పెద్దదిగా కనిపిస్తుంది. శిక్షణ ఉన్నవారూ లేనివారూ, మూడు నెలల్లో పళ్లు సరి చేస్తామని బోర్డులు పెట్టేవారూ అందరూ కలిసి చికిత్స చేసేచోట అదే లెక్క వేస్తే వంశం వాటా కచ్చితంగా తగ్గుతుంది. జన్యువులు మారవు, వాటి చుట్టూ ఉన్న పరిస్థితే మారుతుంది.

ఇక ఏ జన్యువు అన్న ప్రశ్నకు వద్దాం. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో అల్‌ కవాస్మీ, హార్ట్స్‌ఫీల్డ్ తదితరులు 2003లో 35 కుటుంబాలను పరిశీలించి, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో ఒక చిన్న తేడాకూ వేరు కరగడానికీ సంబంధం ఉందని ప్రకటించారు. ఆ జన్యువుకు సంబంధించి తల్లి నుంచి వచ్చిన ప్రతి, తండ్రి నుంచి వచ్చిన ప్రతి, రెండూ ఒక ప్రత్యేక రకానివే అయినవారికి రెండు మిల్లీమీటర్లకు మించి వేరు కరిగే అవకాశం 5.6 రెట్లు ఎక్కువని వారి లెక్క. ఈ ప్రోటీన్ వాపును, ఎముక కరగడాన్ని ప్రేరేపించేది. అది ఎక్కువైతే వేరు ఎక్కువ కరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. వారికి కనిపించింది తలకిందులు: ముప్పు ఉన్నది ఆ ప్రోటీన్‌ను తక్కువగా తయారుచేసే రకంతోనే. వారు ఇచ్చిన వివరణ నాకు సబబుగానే తోస్తుంది. ఇంటర్‌ల్యూకిన్ తక్కువైతే ఎముక తొందరగా కరగదు. ఎముక దారి ఇవ్వదు కనుక ఒత్తిడి అంతా వేరు మీదనే ఎక్కువకాలం నిలిచిపోతుంది. మరుసటి ఏడాది అదే బృందం ఆ జన్యువు పనిచేయని ఎలుకలకు దంతాల మీద ఒత్తిడి కలిగించి చూస్తే వాటిలో వేర్లు ఎక్కువగా కరిగాయి.

ఇక్కడితో ఆపేస్తే కథ చాలా బాగుంటుంది. ప్రకటనలు రాసేవారు సరిగ్గా ఇక్కడే ఆపుతారు. ఆ 5.6 రెట్లు అన్న అంకె వెనుక, నిజమైన విలువ 1.9 నుంచి 21.2 మధ్య ఎక్కడైనా ఉండవచ్చునన్న హద్దు కూడా అదే పరిశోధనలో ఉంది. చిన్న సంఖ్యలో కుటుంబాలను చూసినప్పుడు హద్దు అంత వెడల్పుగానే వస్తుంది. పైగా పై దవడ ముందరి పళ్ల విషయంలో మనుషుల మధ్య కనిపించిన తేడాలో ఈ జన్యువు వివరించగలిగింది 15 శాతమేనని వారే రాశారు. మిగతా 85 శాతం మరెక్కడో ఉంది. ఆ తర్వాత బ్రెజిల్‌లో చేసిన పరిశీలన వారిని సమర్థించింది. 2009లో జపాన్‌లో చేసినది సమర్థించలేదు. వేర్వేరు దేశాల ఫలితాలన్నీ కలిపి మళ్లీ లెక్కలు కట్టినవారికి గట్టి సంబంధం దొరకలేదు. ఈలోగా మరికొన్ని జన్యువుల పేర్లు వచ్చాయి. 18వ క్రోమోజోమ్ మీద ఎముకను తినే కణాల పుట్టుకను నడిపించే ర్యాంక్ అనే గ్రాహకం ఉన్న ప్రాంతం, విటమిన్ డి గ్రాహకం, ఆస్టియోపాంటిన్, పి2ఆర్‌ఎక్స్7 వాటిలో కొన్ని. కెంటకీ విశ్వవిద్యాలయం నుంచి 2015లో వచ్చిన పరిశోధన ఈ చివరి జన్యువులోని ఒక తేడానూ, చికిత్స ఎంతకాలం సాగిందన్న విషయాన్నీ కలిపి చూస్తే మొత్తం తేడాలో నాలుగో వంతు వివరించవచ్చునంది. జన్యువు పక్కన చికిత్సాకాలం కూడా కూర్చుని ఉందన్నది గమనించవలసిన విషయం. మొదటిది మన చేతిలో లేదు, రెండోది ఉంది.

జన్యు పరీక్షను వ్యాపారంగా మార్చడం తేలిక. చిగుళ్ల జబ్బుల విషయంలో ఇదే ఇంటర్‌ల్యూకిన్ జన్యువుల మీద ఆధారపడిన పరీక్ష 1990ల చివర్లోనే అమెరికాలో అమ్మకానికి వచ్చింది. విచిత్రమేమిటంటే అక్కడ ముప్పుగా చూపినది ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేసే రకం. వేరు కరగడంలో ముప్పుగా చూపినది తక్కువగా తయారుచేసే రకం. ఒకే నోటికి, ఒకే జన్యువును చూసి, చిగుళ్ల డాక్టరు శుభం పలికితే పళ్ల వరుస డాక్టరు హెచ్చరిక చేయవలసి వస్తుందన్న మాట.

ఒకే జన్యువు బలంగా పనిచేసే సందర్భం ఎలా ఉంటుందో మన రాష్ట్రాల్లో మత్తు డాక్టర్లకు బాగా తెలుసు. వైశ్య సమాజంలో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం మిగతావారికంటే దాదాపు వంద రెట్లు ఎక్కువ. ఆ లోపం ఉన్నవారికి ఆపరేషన్ సమయంలో కండరాలను సడలించే సక్సినైల్‌కోలీన్ అనే మందు ఇస్తే కండరాలు గంటల తరబడి తేరుకోవు. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు, విదేశీ పరిశోధకులు కలిసి 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న మన దేశపు సమాజాల్లో ఇటువంటి ప్రత్యేకతలు ఎంత బలంగా ఉంటాయో చూపింది. వారు పరిశీలించిన 263 సమాజాల్లో 81 ఆ విషయంలో ఫిన్‌లాండ్ ప్రజలనూ, ఐరోపా మూలాల అష్కెనాజీ యూదులనూ మించాయి. మత్తుమందు విషయంలో ముందుగా అడగడం వల్ల ప్రాణం నిలబడుతుంది. వేరు కరగడం ఆ తరహాది కాదు. ఇందులో ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా పనిచేసే జన్యువులు అనేకం ఉన్నాయి. ఇండియానా కుటుంబాల్లో కనిపించిన లెక్క జపాన్‌కే వర్తించనప్పుడు, ఇన్ని సమాజాలుగా విడివడి ఉన్న తెలుగువారికి దాన్ని అంటగట్టి రుసుము వసూలు చేయడం న్యాయం కాదు. కాలిఫోర్నియాలో 868 మంది రోగుల రికార్డులు చూసి 2001లో ప్రచురించిన పరిశీలనలో ఆసియా మూలాలవారికి మిగతావారికంటే వేరు తక్కువగా కరిగిందని తేలిన మాట నిజమే గానీ, ఆ ఒక్క మాటతో మనం నిశ్చింతగా ఉండడానికీ వీల్లేదు. ఆసియా అన్న ఒక్క పేరు కింద ఎంతమంది ఎన్ని రకాలవారో చెప్పనవసరం లేదు.

మేనరికం చేసుకున్న దంపతులు తమ పిల్లలకు ఈ ముప్పు ఎక్కువా అని అడుగుతుంటారు. అరుదైన జబ్బుల విషయంలో ఆ భయానికి ఆధారం ఉంది. జనంలో ఎలాగూ విరివిగా ఉండే ఇటువంటి జన్యు రకాల విషయంలో మేనరికం వల్ల పెరిగే తేడా స్వల్పం.

మరి వంశం వాటా ఉందని తెలిసి చేయవలసింది ఏమిటి? అడగడం. అంతకంటే చౌకైన పరీక్ష లేదు. ఇంట్లో అక్కకో అన్నకో, తల్లికో తండ్రికో ముందు క్లిప్పులు పెట్టి ఉంటే వారి వేర్లు ఎలా ఉన్నాయో చూడకుండా చిన్నవాడికి తీగ కట్టడం సరికాదు. నా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయి విషయం చెబుతాను. ఎత్తు పళ్లు, పక్క పళ్లు తీసి ముందరివి వెనక్కి లాగవలసిన కేసు. అక్కకు వేరే ఊళ్లో చికిత్స అయిందనీ, పళ్లు చక్కగా కుదిరాయనీ తల్లి చెప్పింది. అక్క ఎక్స్‌రేలు ఉంటే తెమ్మన్నాను. పెద్దమ్మాయి టెన్త్ సర్టిఫికెట్లతో పాటు ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచిన రెండు ఫిల్ములు ఆమె తెచ్చింది. మొదటి దానిలో ముందరి నాలుగు వేర్లూ సన్నగా మొనదేలి, కొస కాస్త వంగి ఉన్నాయి. చికిత్స ముగిశాక తీసిన దానిలో ఆ నాలుగూ మొద్దుబారి గుండ్రంగా ఉన్నాయి. నడిమి పన్ను పక్కనున్న దానికి మూడో వంతు లేదు. ఆ విషయం ఆ కుటుంబానికి అంతవరకూ తెలియదు. చెల్లెలి ఎక్స్‌రే తీస్తే వేర్లు అచ్చం అక్క మొదటి ఫిల్ములో ఉన్నట్టే కొస వంగి, సన్నగా ఉన్నాయి. వేరు ఆకారం కూడా వంశం ఇచ్చేదే. అలా సన్నగా వంగిన కొసలే ముందుగా కరుగుతాయి.

ఆ అమ్మాయికి తీగ బలం తగ్గించి, ఆరో నెలలో ముందరి పళ్లకు మళ్లీ చిన్న ఎక్స్‌రేలు తీశాను. మామూలుగా వేరు కొస చుట్టూ ఒక సన్నని నల్ల గీత, దాన్ని అంటిపెట్టుకుని ఒక తెల్ల గీత స్పష్టంగా ఉంటాయి. నల్లది నారపొర, తెల్లది ఎముక అంచు. ఆమెకు నడిమి రెండు పళ్లకు అటూ ఇటూ ఉన్న పళ్ల కొస దగ్గర వేరు అంచు గరుకుగా, ఎలుక కొరికినట్టు కనిపించింది. పొడవు ఇంకా తగ్గలేదు. కరగడం మొదలైందని చెప్పే తొలి గుర్తు అదే. స్వీడన్‌కు చెందిన లెవాండర్, మాల్మ్‌గ్రెన్ 1988లో చూపింది ఇదే: ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య తీసిన ఎక్స్‌రేలో ఏ మార్పూ లేనివారికి చివరికి తీవ్రమైన నష్టం జరగడం అరుదు, ఆ దశలోనే మార్పు కనిపించినవారికి ముప్పు పెరుగుతుంది. అలా కనిపించినప్పుడు రెండు మూడు నెలలు ఒత్తిడి పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెడితే, ఆపకుండా కొనసాగించినవారికంటే నష్టం తక్కువగా ఉంటుందని వారే 1994లో చూపించారు. మేమూ అలాగే ఏ ఒత్తిడీ లేని తీగ వేసి మూడు నెలలు ఆపాము. ఆ తర్వాత పళ్లను మొదట అనుకున్నంత లోపలికి లాగకుండా, పెదవులు మూతపడేంత వరకే లాగి ముగించాము. పెళ్లి సంబంధాల సమయానికి ఇంకాస్త లోపలికి వెళితే బాగుండునని తల్లికి ఉండింది గానీ, రెండు ఫిల్ములూ పక్కపక్కన చూశాక ఆమే వద్దంది.

ఈ ఎక్స్‌రేలను చదవడంలో ఒక మెలకువ ఉంది, తల్లిదండ్రులు కూడా తెలుసుకోవచ్చు. చికిత్సలో పన్ను వాలు మారుతుంది. ముందుకు వాలిన పన్ను ఫిల్ము మీద ఒక పొడవులో, నిటారుగా వచ్చాక మరో పొడవులో కనిపిస్తుంది. కాబట్టి వేరు ఒక్కదాన్ని కొలిచి పోల్చడం కాక, పన్ను పైభాగంతో వేరును పోల్చి రెండుసార్లూ చూడాలి. దవడ మొత్తం ఒకేసారి వచ్చే ఓపీజీలో ముందరి పళ్లు మసకగా వస్తాయి. ఆ నాలుగింటికీ విడిగా చిన్న ఫిల్ము తీయడమే మేలు. దాని రేడియేషన్ చాలా స్వల్పం. త్రీడీ స్కాన్ ఇంకా బాగా చూపుతుంది గానీ ప్రతి పిల్లకూ అది తీయడం అనవసరం.

వంశం పేరు చెప్పి డాక్టర్లు తప్పుకోవడానికి వీల్లేదని మొదట్లోనే అన్నాను. బలమైన ఒత్తిడి వల్ల వేరు ఎక్కువ కరుగుతుందన్నది ఈ రంగంలో అన్నిటికంటే గట్టిగా రుజువైన విషయం. పన్నును ఎముకలోకి నొక్కే కదలిక, వేరు కొసను ఎక్కువ దూరం జరపడం, చికిత్సను ఏళ్ల తరబడి సాగదీయడం, ఇవన్నీ ముప్పును పెంచేవే, అన్నీ డాక్టరు నిర్ణయాలే. క్రికెట్ బంతి వల్లనో, సైకిల్ మీంచి పడటం వల్లనో ముందరి పళ్లకు పాత దెబ్బ తగిలి ఉంటే అది కూడా అడిగి రాసుకోవాలి. వంశంలో ముప్పు ఉన్న నోటిలో పైన చెప్పిన నిర్ణయాలకు విలువ ఇంకా పెరుగుతుంది. తీగ లేకుండా పళ్లకు తొడిగే పారదర్శక అలైనర్లు వాడితే వేరు కరగదన్న ప్రచారం కూడా సరికాదు. సగటున కొంత తక్కువ కావచ్చు గానీ వాటితోనూ కరుగుతుంది.

డాక్టర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. రోగి సమ్మతి అంటే తగినంత సమాచారం ఇచ్చి తీసుకున్నదే అయి ఉండాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది. ప్రతి వందమందిలో కొందరికి జరిగేదాన్ని మొదటి రోజున నోటితో చెప్పి, కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వడానికి పట్టేది పది నిమిషాలు. ఇంగ్లిషులో అచ్చువేసిన ఫారం మీద సంతకం పెట్టించుకుని ఫైలులో పడేస్తే అది సమ్మతి అనిపించుకోదని నా అభిప్రాయం.

మీ వ్యాసం చదివి భయపడినవారికి ఒక మాట. వేరు కరగడం తీగలు తీసేయగానే దాదాపుగా ఆగిపోతుంది. పన్నును పట్టి ఉంచే బలం వేరు కొసలో కంటే చిగురుకు దగ్గరగా ఉండే వెడల్పాటి భాగంలో ఎక్కువ. కొసన మూడు మిల్లీమీటర్లు పోవడం, చిగురు దగ్గర ఎముక ఒక మిల్లీమీటరు పోవడంతో సమానమని 1986లోనే లెక్కగట్టారు. అందుకే పొట్టి వేర్లున్న పళ్లు కూడా చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్నంతకాలం చాలా ఏళ్లు నిలుస్తాయి. అటువంటివారు చిగుళ్ల జబ్బు రానివ్వకూడదు, పొగాకు మానాలి, భవిష్యత్తులో ఏ పంటి డాక్టరు దగ్గరకు వెళ్లినా ఆ సంగతి ముందుగా చెప్పాలి. ఇంట్లో ఒకరికి వేర్లు కరిగాయన్న కారణంతో మిగతావారికి చికిత్స మాన్పించనవసరం లేదు.

ఒక సూచన మన దంత వైద్య కళాశాలలకు కూడా. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పళ్ల వరుస చికిత్సలో పీజీ చేసేవారు ప్రతి ఒక్కరూ మూడేళ్ల కోర్సులో ఒక పరిశోధన వ్యాసం సమర్పించాలి. తీగల మధ్య రాపిడి ఎంత, ఏ జిగురు ఎంతసేపు నిలుస్తుంది వంటి అంశాల మీదనే వాటిలో చాలా భాగం ఖర్చయిపోతోంది. అదే విభాగాల అల్మారాల్లో వేలకొద్దీ పిల్లల ముందూ వెనుకా ఎక్స్‌రేలు ఉన్నాయి, వాటిలో అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు తప్పకుండా ఉంటారు. వారిని జతలుగా ఏరి, 1997లో హారిస్ చేసిన పనిని తెలుగు కుటుంబాల మీద చేయడానికి జన్యు ప్రయోగశాల అవసరం కూడా లేదు. స్కేలు, ఓపిక, కుటుంబాల అనుమతి ఉంటే చాలు. ఆ లెక్క తేలాక జన్యువుల దాకా వెళ్లదలచుకుంటే సీసీఎంబీ మన హైదరాబాద్‌లోనే ఉంది.

చివరిగా మీకొక విన్నపం. చాలా క్లినిక్‌లలో చికిత్స ముగిశాక ఎక్స్‌రేలు రోగికి ఇవ్వరు, రోగులూ అడగరు. కొన్నేళ్లకు ఫైళ్లు పారేస్తారు, కంప్యూటర్ మారినప్పుడు బొమ్మలు పోతాయి. మీ ఆరోగ్య పేజీలో ఈసారి క్లిప్పుల గురించి రాసినప్పుడు, చికిత్సకు ముందు, ఆరో నెలలో, చివర్లో తీసిన ఎక్స్‌రేలను అడిగి తీసుకుని ఇంట్లో దాచుకోవాలనీ, ఆ ఇంట్లో మరొకరికి చికిత్స మొదలుపెట్టేటప్పుడు వాటిని డాక్టరుకు చూపించాలనీ విడిగా ఒక బాక్సు కట్టి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక ఆర్థోడాంటిస్ట్,
కాకినాడ